ఏ లినక్స్ వేసుకోవాలో చెప్పే సైటు కడుతున్నారా? ముందు దానికి "వద్దు" అనడం నేర్పండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. భీమవరంలో రొయ్యల మేత డీలరు కౌంటరు మీద, మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా బల్ల మీద, అమలాపురం ట్యూషన్ సెంటర్లో ఇంకా బండి లాగుతున్న పాత డెస్క్‌టాపులకు ఆ యోగం లేదు. బాగానే పనిచేస్తున్నదాన్ని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. "లినక్స్ వేసుకోండి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఏ లినక్స్? ఎందుకంటే విండోస్ బదులు వేసుకునే ఈ ఉచిత వ్యవస్థలో వందలాది రకాలున్నాయి, ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు.

దీనికి జవాబు చెప్పే సైటు తెలుగులో ఉంటే బాగుంటుందని మన వైపు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు అనుకోవడం సహజం. అయితే అలాంటి సైటు కట్టడానికి నాలుగు రకాల దారులున్నాయి. ఏ దారి ఎంచుకున్నారన్న దాన్ని బట్టే అది ఉపయోగపడుతుందా, మరో తికమకగా మిగులుతుందా అన్నది తేలుతుంది.

ర్యాంకుల జాబితా

కట్టడానికి తేలిక. జనానికి అలవాటైనదీ ఇదే. డిస్ట్రోల వివరాలిచ్చే సైటు, 2001 నుంచి నడుస్తున్న డిస్ట్రోవాచ్‌లో పక్కన కనిపించే వరుస చూసి "మొదటి స్థానంలో ఉన్నదే మంచిది" అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఆ అంకెలు ఆ సైటులో ఏ డిస్ట్రో పేజీని రోజుకు ఎంతమంది తెరిచారో చెప్పే లెక్క. ఎంతమంది వాడుతున్నారన్నదానికి అది కొలత కాదని ఆ సైటువాళ్లే చెబుతారు. ఎంఎక్స్ లినక్స్ ఏళ్ల తరబడి ఆ వరుసలో పైన కూర్చుంది. మంచి డిస్ట్రోనే, కాదనను. కానీ ప్రపంచంలో ఎక్కువమంది వాడేది అదేనని దాని అర్థం కాదు. ర్యాంకుల జాబితా జోలికి పోకండి.

పోలిక పట్టిక

ఇది కుర్రాళ్లకు మహా ఇష్టం. ప్యాకేజీ మేనేజరు ఏది, డెస్క్‌టాప్ ఏది, ఎన్నాళ్లకో కొత్త వెర్షను, ఏ ప్రాసెసర్ల మీద నడుస్తుంది అని నిలువు గళ్లు గీసుకుంటూ పోవచ్చు. విషయం తెలిసినవాళ్లకు పట్టిక నిజంగానే పనికొస్తుంది, ఎందుకంటే దేనికోసం వెతకాలో వాళ్లకు ముందే తెలుసు. తెలియనివాళ్లకు అందులో ఒక్క గడీ అర్థం కాదు.

ఇంకో చిక్కు, ఇది పచ్చి ఆచరణకు సంబంధించింది. మీ సైటు తెరిచేది కంప్యూటర్లో కాదు, ఫోన్లో. కంప్యూటరు మొరాయిస్తోంది కాబట్టే కదా వాళ్లు మీ దగ్గరికి వచ్చింది! ఫోను తెర మీద ఎనిమిది నిలువు గళ్లలో తెలుగు మాటలు ఇమడవు. అక్షరాలు చిన్నవి చేస్తే ఒత్తులు కనబడవు, పెద్దవి చేస్తే పక్కకు జరుపుకుంటూ చదవాలి. పట్టిక పెట్టాలనే ఉంటే లోపలి పేజీలో పెట్టండి, తెలిసినవాళ్లు వెతుక్కుని వెళ్తారు.

ప్రశ్నావళి

ప్రశ్నలడిగి జవాబు చెప్పే పద్ధతి వీటన్నిటికంటే మర్యాదైనది. డిస్ట్రోచూజర్ లాంటివి చాలాకాలంగా ఈ పని చేస్తున్నాయి. వాటిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఫలితంలో ఒక పేరు పడేసి ఊరుకోవు. నువ్వు చెప్పిన జవాబుల్లో ఏది దీనికి అనుకూలం, ఏది ప్రతికూలం అన్నది కింద చూపిస్తాయి. తెలుగు సైటు వాటి నుంచి తీసుకోవలసినది ఏదైనా ఉంటే అదే.

తీసుకోకూడనిది ప్రశ్నల సంఖ్య. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు అనుకోండి. మొత్తం దారులు 10,48,576. వీటిలో ఏ దారిన వెళ్తే ఏ జవాబు వస్తుందో కట్టినవాళ్లకే తెలియదు, సరిచూడటం మాట దేవుడెరుగు. అదే అవును, కాదు అనే ఐదు ప్రశ్నలైతే 32 దారులు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అన్నిటినీ చేత్తో సరిచూసుకోవచ్చు.

ప్రశ్నల స్వభావం కూడా ముఖ్యమే. "మీకు ఏ డెస్క్‌టాప్ వాతావరణం ఇష్టం?" అని లినక్స్ ఎన్నడూ చూడని మనిషిని అడిగితే ఏం చెబుతాడు? వాడితే గానీ తెలియని సంగతిని వాడకముందే అడగడం అది. మనిషికి ఇప్పటికే తెలిసినవే అడగాలి: ఈ కంప్యూటర్లో రోజూ ఏం పని చేస్తారు, ఏ ప్రింటరుంది, నెట్టు ఎక్కణ్నుంచి వస్తుంది.

కొందరు మరీ తెలివిగా, బ్రౌజరు నుంచే ర్యామ్ ఎంతో పట్టుకుందామని చూస్తారు. చెప్పాను కదా, తెరిచింది ఫోన్లో. మీకు దొరికేది ఫోను ర్యామ్. దానికంటే విండోస్ సెట్టింగ్స్‌లో "అబౌట్" పేజీ ఎక్కడుంటుందో బొమ్మ వేసి చూపించండి.

ఒక్క సిఫారసు

నాలుగో దారి అందరికీ ఒకే జవాబు. తెరవగానే "లినక్స్ మింట్ వేసుకోండి", కింద ఒక బటన్. వినడానికి మొరటుగా ఉన్నా దీన్ని తేలిగ్గా తీసేయలేం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు అనే డిస్ట్రో మీద కట్టిన ఒకే వ్యవస్థ నడుస్తోంది. ఒకటే కాబట్టి టీచర్లకు శిక్షణ ఒకటే. ఒక బడిలో వచ్చిన చిక్కుకి పక్క బడిలో పరిష్కారం దొరుకుతుంది. ఎంపిక తగ్గినకొద్దీ సాయం దొరకడం పెరుగుతుంది.

ఎంపిక పెద్దది అనిపించడంలో సగం భ్రమ కూడా ఉంది. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్లు వరుసగా ఉంటాయి. కొత్తవాడికి ఏ కొట్టు ఎప్పుడు పెట్టారో అక్కర్లేదు. నెయ్యి మంచిదేనా, బెల్లమా పంచదారా అన్నది తెలిస్తే చాలు. వందలాది డిస్ట్రోలూ అంతే. లోపల కెర్నలు (వ్యవస్థ గుండెకాయ) ఒకటే, ఫైర్‌ఫాక్స్ ఒకటే, లిబ్రెఆఫీసు ఒకటే. మింట్ ఉబుంటు మీద నిలబడింది, ఉబుంటు డెబియన్ మీద నిలబడింది.

అయితే ఒక్క బటన్ పద్ధతిలో ఒక లోపం ఉంది, అది చిన్నది కాదు. వేసుకోకూడనివాళ్లకు కూడా అది "వేసుకోండి" అనే చెబుతుంది.

నా ఓటు ఎటు

ఒక్క సిఫారసు వైపే, కాకపోతే దాని ముందు ఐదు ప్రశ్నల వడపోత ఉండాలి. ఆ వడపోతలో మొదటి ప్రశ్న అసలు లినక్స్ గురించి కాదు. ఏ పని ఆగితే మీ బతుకుతెరువు ఆగుతుంది?

పాలకొల్లులో, తణుకులో డీటీపీ సెంటర్లు చూడండి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అన్నీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో కట్టినవి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0 వచ్చింది 2001లో, అయినా మన ఊళ్లలో అది ఇంకా కూడు పెడుతోంది. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి) కావు. ఏళ్లనాటి ఫైళ్లన్నీ ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని గుర్తుల కుప్ప. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి గానీ మార్చాక ప్రతి ఒత్తూ కన్నేసి చూసుకోవాలి. లినక్స్‌లో నడిచే పేజీలు కట్టే ప్రోగ్రాము స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు చక్కగానే కూర్చుంటుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది దారే. కానీ ముహూర్తాల సీజన్లో, రేపు ఉదయానికి రెండొందల కార్డులు ఇవ్వాల్సినవాడికి "మారిపోండి" అని చెప్పే సైటు వాడికి శత్రువు.

టాలీ మీద నడిచే మిల్లులు, ఎరువుల కొట్లు కూడా ఇంతే. టాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ అనే పొరలో ఎలాగో నడిపినవాళ్లు ఉండొచ్చు. నెలనెలా 20వ తేదీకి జీఎస్టీ రిటర్ను వేయాల్సిన గుమాస్తాకు "ఎలాగో" పనికిరాదు. "ఆయ్, మాకు టాలీ ఒక్కటి తిరిగితే చాలండి" అనే మనిషికి సైటు ఇచ్చే జవాబు "మీరు మారొద్దు" అనే ఉండాలి. సచివాలయం పక్కన జిరాక్సు షాపులో ఆధార్ వేలిముద్ర పరికరం వాడేవాళ్లకూ అదే జవాబు, ఎందుకంటే ఆ పరికరాల వెనక ఉండే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాము ముఖ్యంగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ వస్తుంది.

"మారొద్దు" అని ఊరుకోకూడదు, ఆ తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాలి. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబరు 13 వరకు ఉంది. పని కంప్యూటర్ని నెట్టు నుంచి తప్పించి, బ్యాంకు పనులకూ మెయిల్‌కూ ఇంకో పాత పెట్టె మీద లినక్స్ వేసుకోవడం ఇంకో మార్గం. రెండు పెట్టెలున్న కొట్లు మనకు తక్కువేం కాదు.

రెండో ప్రశ్న ప్రింటరు. దీన్ని ఏ ఇంగ్లీషు ప్రశ్నావళీ ఇంత ముందు అడగదు, మన దగ్గర మాత్రం అడిగి తీరాలి. జిరాక్సు షాపుల్లో విరివిగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని నిలబెట్టడం ఇప్పటికీ ఓపిక పరీక్షే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పనిచేస్తుంది, కాకపోతే విడిగా ఒక ప్లగిన్ దింపుకోవాలి. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకు ప్రింటర్లు సాధారణంగా పేచీ పెట్టవు. ఈ ఒక్క పేజీ బాగా రాస్తే మీ సైటుకి మిగతా పేజీలన్నిటికంటే ఎక్కువమంది వస్తారని నా నమ్మకం.

మూడోది పెట్టె సత్తా. 64 బిట్‌దేనా, ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్కా ఎస్ఎస్‌డీనా? ఇక్కడ పాత సలహాలు చాలా చోట్ల చెడిపోయి ఉన్నాయి. "పాత 32 బిట్ కంప్యూటరైతే డెబియన్ వేయండి" అని ఎన్నో ఏళ్లుగా రాస్తూ వచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలరే లేదు. ఉబుంటు, మింట్ అంతకుముందే వదిలేశాయి. హార్డ్‌డిస్కుతో నడిచే పెట్టె అయితే, ఏ డిస్ట్రో అని తల బద్దలు కొట్టుకునే ముందు ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేయించుకోమని చెప్పండి. డిస్ట్రో మార్చినదానికంటే అదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

నాలుగోది నెట్టు. రోజుకు ఒకటిన్నరో రెండో జీబీ వచ్చే ఫోను ప్లాను మీద హాట్‌స్పాట్ పెట్టుకునే ఇల్లు ఒకటి, ఫైబరున్న ఇల్లు ఒకటి. రెండింటికీ ఒకే సలహా కుదరదు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలు 6 జీబీకి దగ్గర్లో ఉంటుంది, మింట్ 3 జీబీకి అటూ ఇటూ. డెబియన్ చిన్న ఇన్‌స్టాలరు ఒక జీబీ లోపే గానీ మిగతాది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్టు నుంచే లాగుతుంది, కాబట్టి అది ఆదా అనుకుని మోసపోకూడదు. ఉబుంటులో స్నాప్ అనే పద్ధతిలో వచ్చే ప్రోగ్రాములు రోజుకు నాలుగు సార్లు కొత్త వెర్షన్లున్నాయేమో చూసి వాటంతటవే దిగుతుంటాయి. మింట్ 2020 నుంచి స్నాప్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతోంది. హాట్‌స్పాట్ ఇంటికి ఈ ఒక్క తేడా చాలు, మింట్ వైపు మొగ్గడానికి.

ఐదో ప్రశ్న చివర్లో పెట్టినా నా దృష్టిలో బరువైనది: ఆగిపోతే ఎవరొచ్చి చూస్తారు? పక్క వీధిలో ఫెడోరా వాడే ఇంజనీరింగ్ కుర్రాడుంటే ఆ ఇంటికి ఫెడోరాయే మంచి డిస్ట్రో, మీ పట్టిక ఏం చెప్పినా సరే. విండోస్ 10 ఆగిన సందర్భంలో 2025లో మొదలైన ఎండ్ ఆఫ్ 10 ప్రచారం ఫలానా డిస్ట్రోయే వేసుకోమని పట్టుబట్టకుండా, దగ్గర్లో సాయం చేసేవాళ్లు ఎక్కడున్నారో చూపించడం మీద శ్రద్ధ పెట్టింది. మన వైపు స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పని ఏనాటి నుంచో చేస్తోంది, కాలేజీల్లో దాని విద్యార్థి బృందాలున్నాయి. సైటులో మనుషుల ఫోను నంబర్లు బహిరంగంగా పెట్టకండి. ఏ ఊళ్లో ఏ కాలేజీ బృందం ఏ వారం కూర్చుంటుందో పెడితే సరిపోతుంది.

ఇంతకీ జవాబులేమిటి

వడపోత దాటి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మింటే. తెర అమరికను బట్టి అందులో రకాలున్నాయి: ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్, 4 ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ అలవాటున్న చేతికి మెనూ ఎడమ మూలనే దొరుకుతుంది. టైమ్‌షిఫ్ట్ అందులోనే ఉంటుంది కాబట్టి ఏదైనా చెడితే నిన్నటి స్థితికి తీసుకెళ్లొచ్చు.

2 జీబీ ర్యామ్ పెట్టెలకు లుబుంటు గానీ ఎంఎక్స్ గానీ. ఇక్కడ సైటు నిజం చెప్పాలి: డిస్ట్రో తేలికైనదే కావచ్చు, బ్రౌజరు తేలికైంది కాదు. యూట్యూబు పాఠం పక్కన నాలుగు ట్యాబులు తెరిస్తే ఏ లినక్సూ కాపాడదు. 32 బిట్ పెట్టెకు డెబియన్ 12 మీద కట్టిన యాంటిఎక్స్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌తో ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి ఫెడోరా బాగుంటుంది. కెర్నలు కొత్తది కాబట్టి కొత్త వైఫై చిప్పుల్ని పట్టుకుంటుంది. ఒక్కో వెర్షనుకి సుమారు 13 నెలలే మద్దతు. ఏడాదికోసారైనా పైకెక్కాలి, ఓపికుంటేనే. కాలేజీ ల్యాబుకి, ట్యూషన్ సెంటరుకి డెబియన్: ఒకసారి వేసి ఐదేళ్లు ముట్టుకోనక్కర్లేదు. 2023లో వచ్చిన 12 నుంచి వైఫై చిప్పు నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ కూడా ఇన్‌స్టాలరులోనే వస్తోంది, పాత రోజుల అవస్థ తగ్గింది. ఉబుంటు మీద నాకు కోపం లేదు. పుస్తకాలూ వీడియోలూ దానికే ఎక్కువ, ఫైబరున్న ఇంట్లో అది నిక్షేపంలాంటి ఎంపిక. అన్నీ చేత్తో అమర్చుకోవాల్సిన ఆర్చ్ అనే డిస్ట్రో అసలు జవాబుల్లో ఉండక్కర్లేదు. అది కావాల్సినవాడు మీ సైటుకి రాడు.

కరెంటు సంగతి

ఎండాకాలం కోతలు, తుఫానొస్తే రోజుల తరబడి చీకటి. యూపీఎస్ లేని డెస్క్‌టాపులు డెల్టాలో కొల్లలు. ఎక్స్‌ట్4 లాంటి ఫైల్‌సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) మార్పుల చిట్టాలాంటి జర్నల్ ఉంటుంది కాబట్టి హఠాత్తుగా కరెంటు పోయినా సాధారణంగా డిస్కు తేరుకుంటుంది. అసలు గండం అప్‌డేట్ మధ్యలో పోతే. డెబియన్ కుటుంబంలో ప్యాకేజీలు సగం సర్ది సగం వదిలేసిన స్థితిలో ఉండిపోతాయి. చాలాసార్లు ఒకే ఒక్క కమాండుతో సర్దుకుంటుంది గానీ ఆ కమాండు ఏదో తెలియని మనిషికి అది చచ్చిన కంప్యూటరే. ఆ కమాండుని కాగితం మీద అచ్చు తీసుకునేలా ఒక పేజీ పెట్టండి, ఎందుకంటే అవసరం పడ్డప్పుడు నెట్టూ ఉండదు.

ఈ విషయంలో ఫెడోరా సిల్వర్‌బ్లూ లాంటి అటామిక్ రకాలు ఒక మెట్టు పైన. కొత్త వ్యవస్థను పక్కన పూర్తిగా కట్టాకే రీస్టార్టులో దానిలోకి మారతాయి. మధ్యలో కరెంటు పోతే పాతది పాతగానే ఉంటుంది. డౌన్‌లోడ్లు బరువు, సాయం చేసేవాళ్లు తక్కువ. ఫైబరున్న ల్యాబుకి మాత్రం ఆలోచించదగ్గదే.

సైటు లోపల చూసుకోవాల్సినవి

ఫలితం పేజీలో డౌన్‌లోడ్ బటన్ కంటే ముందు "పెన్‌డ్రైవు నుంచి నడిపి చూడండి" అన్నది ఉండాలి. డిస్కు ముట్టుకోకుండానే వైఫై పడుతోందా, శబ్దం వస్తోందా, ప్రింటు వస్తోందా, తెలుగు టైపు అవుతోందా చూసుకోవచ్చు. మీ ఐదు ప్రశ్నలు చేసేది అంచనా, ఈ అరగంట చెప్పేది నిజం. తెలుగు టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ అమరిక కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడాలంటే ఐబస్, ఎమ్17ఎన్ అనే ప్రోగ్రాములు వేసుకోవాలి. ఈ రెండో రకమే చాలామంది అడుగుతారు, బొమ్మలతో వివరించండి.

దాని పక్కనే ఫొటోలు వేరే డిస్కులోకి తీసుకోమన్న హెచ్చరిక, ఎర్ర రంగులో. "డిస్కు మొత్తం చెరిపేయి" అన్న ఎంపిక నొక్కితే పిల్లల బారసాల ఫొటోలు కూడా పోతాయని అలాగే, ఆ మాటల్లోనే రాయండి.

ప్రతి సలహా పక్కన అది రాసిన తేదీ, ఆ వెర్షను మద్దతు ముగిసే తేదీ రెండూ వేయండి. ముగిసే తేదీ దాటితే పేజీ తనంతట తానే ఎరుపెక్కాలి. కట్టిన కుర్రాళ్లు ఉద్యోగాలకు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు, సైటు మిగిలిపోతుంది. లాగిన్లు, డేటాబేసులు లేకుండా మామూలు పేజీలుగా కట్టి, సలహాలన్నీ ఒక్క ఫైల్లో పెడితే తర్వాతి బ్యాచ్ దాన్ని అందుకుని సరిదిద్దగలదు.

ఫలితాన్ని వాట్సాప్‌లో పంపుకునే చిన్న సందేశంగా ఇవ్వండి: పెట్టె వివరాలు, ప్రింటరు పేరు, సిఫారసు, అది కుదరకపోతే రెండోది. కొట్టు యజమాని దాన్ని రావులపాలెంలో చదువుకుంటున్న మేనల్లుడికి పంపుతాడు, ఇన్‌స్టాల్ చేసేది ఎటూ వాడే. ఆ సందేశం చూసి మళ్లీ ఏమీ అడగకుండా వాడు పెన్‌డ్రైవు తయారుచేయగలిగితే సైటు సిద్ధమైనట్టే. వాడు అడిగిన ప్రశ్న ఏదైనా ఉంటే, సందేశంలో చేర్చాల్సిన తర్వాతి వరుస అది.